పట్వారి చెవులు

పట్వారి అంటే లెక్కలు రాసినాయన కాదు,
మన్నెమ్మ కుక్క.
మంద చుట్టూ హద్దు గీసి
ఒక్క గొర్రెపిల్లను గెట్టు దాటనియ్యదని
ఆమె పెట్టుకున్న పేరు.

ఆ పొద్దు జడ్చర్ల పశువుల దవాఖాన అరుగు మీద
తల ఒక పక్కకు వాల్చి కూసుంది,
ఎవరో చెప్తున్న మాట
ఎంతకూ ఒడవనట్టు.

చెవి మడత తిప్పిన.
గోధుమ రంగు జిగట.
పొద్దెక్కినంక లొట్టిల మిగిలిన కల్లు వాసన.
"మూడు వారాలాయె సారూ,
రాత్రంత గోకుడే.
మొన్న నక్క మందల జొర్రినా ఇనలే వీడు."
నక్క ఎత్కపోయిన పిల్ల గురించి ఆమె చెప్పలేదు,
నేనడగలేదు.

పుల్లకు దూది చుట్టి తీసి
గాజు పలక మీద రుద్ది, నీలం రంగు పోసి
మైక్రోస్కోపుల కన్ను పెట్టిన.
నడుము కాడ సన్నగ, రెండు దిక్కుల ఉబ్బుగ,
పల్లికాయలు!
వనపర్తి చెల్కల పీకి కుప్ప వోసినట్టు
కోటాను కోట్ల పల్లికాయలు.
మన్నెమ్మను పిలిచి చూపిస్తే
ఒక్క కన్ను మూసుడు రాక మొదలు రెండూ మూసి,
మెల్లగ ఒకటి తెరిచి,
"మావోడి చెవుల పంట మంచిగనే దిగింది.
మా చెల్కల గింత దిగితే బ్యాంకోడు ఇంటికి రాకపోవు."

ఇగ నా పిచ్చి మొదలైంది.
డిగ్రీ కాలేజీల తస్లీమా మేడం ల్యాబు,
థర్మాకోల్ డబ్బాల ఒక బల్బు, అదే మా పొదుగు పెట్టె.
కరెంటు పోతే ఆమె తన శాలువ కప్పేది.
యాపాకు, కానుగ గింజ, వావిలి,
గుట్ట మీది సీతాఫలం ఆకు, ఎల్లిపాయ,
కొన్ని నీళ్లల్ల నానేసినం, కొన్ని స్పిరిట్ల.
కాగితపు బిళ్లలు ముంచి
బూజు పెంచిన గిన్నెలల్ల పెట్టి
నాలుగు దినాలు ఎదురుచూసినం.

నీళ్ల యాపాకు బిళ్ల చుట్టు ఏం లేదు.
నేను చిన్నప్పటి నుంచి మొక్కిన చెట్టు,
జర్ర మనసుకు కష్టమైంది.
సీతాఫలం చుట్టు ఉండీ లేనట్టు ఒక గీత.
స్పిరిట్ల ఊరిన వావిలి చుట్టు గోరంత జాగ.
ఎల్లిపాయ చుట్టు మాత్రం
కళ్లం ఊడ్చినంత నున్నగ.

ఉరికి పోయి మన్నెమ్మకు చెప్పిన.
గొర్ల పాలు పిండుకుంట తల ఎత్తకుండానే అన్నది:
"గిన్నెకు తోలుంటదా సారూ?
ముందు నీ చెవికి పూసుకో."

పూసుకున్న.
రాత్రి రెండు గంటలకు
చెవి వెనక నిప్పుకణిక.
గోడకు తల రుద్దుకుంట
పట్వారి మూడు వారాలు ఏం చేసిండో
అప్పుడు తెలిసింది.

ఎల్లిపాయ పక్కన పెట్టిన.
కర్ణభేరి చిరగలేదని దీపమేసి చూసుకొని
ఎడమ చెవికి ట్యూబు మందు,
కుడి చెవికి వావిలి, నూనెల పలచగ కలిపి.
మరువకుండ మెడపట్టీ కుడి దిక్కు ఎర్రదారం.
రిజిస్టర్ల రెండు గళ్లు గీసిన.
పద్నాలుగో నాటికి
రెండు పలకల మీద
పరిగె ఏరినంక చెల్క లెక్క
ఆడొకటి, ఈడొకటి.

మేడంకు ఫోను చేసి గట్టిగ నవ్విన.
కుడి గళ్లె పెద్దక్షరాలతోటి రాయబోతుంటే
మన్నెమ్మ కొంగు నుంచి ట్యూబు తీసింది.
అడుగు దాకా పిండి చుట్టిన ట్యూబు.
"రెండు చెవులకూ పెట్టిన.
ఒక చెవికి మందు, ఒక చెవికి పరీక్షనా?
రెండూ వాడివే గద."

పెన్ను మూత పెట్టిన.
కుడి గళ్లె ఇప్పటికీ ఖాళీ.
కిటికీల వావిలి సీస దినదినానికి నల్లబడుతున్నది,
పారబొయ్య చేతులు రావు.
బయట అరుగు మీద పట్వారి
లేచి నిలబడి
చెవులు రిక్కించి గుట్ట దిక్కు చూసింది.
నేనూ ఆగి ఇన్న.
నాకేం ఇనపడలేదు.